అలల అచ్చు

మా వైపు నేలలో రాయి పుట్టదు. అవనిగడ్డ అవతల మా ఊళ్ళో ఎంత తవ్వినా ముందు నల్లమట్టి, దాని కింద ఇసుక, ఆ కింద ఉప్పునీళ్ళు. వాకిట్లో మెట్టు, రుబ్బురోలు, కాలవ రేవులో బట్టలుతికే బండ, అన్నీ ఎక్కడి నుంచో బండెక్కి వచ్చినవే. చిన్నప్పుడు కుక్కని అదిలించాలన్నా చేతికి మట్టిబెడ్డే దొరికేది. అది కుక్క దాకా వెళ్ళేలోపే గాలిలో పొడయ్యేది. మా ఊరి కుక్కలకి మనుషులంటే భయం ఉండేది కాదు.

అక్కడి నుంచి పెళ్ళయ్యాక పెడన వచ్చి అత్తవారింట్లోనే ఉండిపోయాను. ఇల్లరికపు అల్లుడికి ఊరంతా బావలే కాబట్టి వేళాకోళానికి ఏనాడూ కరువు రాలేదు. మా మావయ్య, అంటే నా భార్య తండ్రి, కలంకారీ అద్దకంలో ఆరితేరిన మనిషి. నాకు పని నేర్పింది ఆయనే. బట్టని కరక్కాయ నీళ్ళలో నానబెట్టడం, తుప్పు ఇనుమూ తాటిబెల్లమూ కలిపి ఊరబెట్టి నల్లరంగు తీయడం, టేకు అచ్చుని రంగులో అద్ది బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దడం, తర్వాత కాలవలో జాడించడం, అన్నీ ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాను. రానిది ఒక్కటే, చెట్టు దుప్పటి.

చెట్టు దుప్పటంటే మంచం నిండా పరిచే బట్ట మీద ఒకే ఒక్క పెద్ద చెట్టు. మాను, కొమ్మలు, ఆకులు, పూలు, పిట్టలు అన్నీ విడివిడి అచ్చులు. నలభైకి పైనే ఉంటాయి. ఏది ఎప్పుడు పడాలో, దేని నుంచి ఎన్ని జానలు, ఎన్ని బెత్తెలు జరగాలో ఎక్కడా రాసి లేదు. అంతా మావయ్య బుర్రలోనూ వేళ్ళలోనూ ఉంది. నేను పక్కన నిలబడి అచ్చులు అందించేవాణ్ణి. ఆయన ఉన్నారుగా, ఎప్పుడైనా నేర్చుకోవచ్చులే అనుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపేశాను. ఎవరైనా అడిగితే పెద్దాయన చేతిలో పని లాక్కోకూడదని చెప్పేవాణ్ణి. నా బద్ధకానికి గౌరవమని పేరు పెట్టుకున్నానన్నమాట.

ఆ దుప్పటిలో అట్టడుగున పడే అచ్చుని మేం అలల అచ్చు అంటాం. దాని పైఅంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఆ గీత కింద చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వంపులు, అవి నడిమికొచ్చేసరికి కిందికి మొన తేలతాయి, వంపుల సందుల్లోంచి కిందికి వేలాడే సన్నటి పోచలు. చూడగానే కాలవే గుర్తొస్తుంది. తిన్నటి అంచు గట్టు, వంపులు అలలు, మొన కాలవ లోతు, పోచలు నాచు వేర్లు. గట్టు మీద చెట్టు. మా వాళ్ళెవరికీ ఇందులో అనుమానం రాలేదు. చిన్న చిక్కు మాత్రం ఒకటుంది. మాను అచ్చుకి అడుగున రెండు వేళ్ళు దూరేంత గాటు ఉంది, పంగలాగా. దాన్ని తిన్నటి గట్టు మీద నిలబెడితే మధ్యలో తెల్లగా ఖాళీ మిగిలిపోతుంది. మావయ్య ప్రతిసారీ కలంతో ఆ ఖాళీని నల్లగా పూడ్చేవారు. పూడ్చినప్పుడల్లా ఆ అచ్చు చెక్కినవాణ్ణి, ఎన్నేళ్ళ కిందట పోయాడో పాపం, నాలుగు తిట్లు తిట్టేవారు.

అలల అచ్చు చాలా పాతది. మావయ్య ముత్తాతగారి నాటిదో, ఇంకా ముందుదో. మధ్యలో అద్దకం బట్ట అడిగేవాళ్ళు లేక ఒక తరం ఈ పని మానేసి మగ్గం పట్టింది. అచ్చులన్నీ అటకెక్కాయి. మావయ్య నాన్నగారు మళ్ళీ వాటిని దింపి, దుమ్ము దులిపి, ఆముదం రాసి, ఏది ఎలా పెట్టాలో తనకు తానే ఊహించుకుని పని మొదలుపెట్టారట. చెప్పేందుకు అప్పటికి ఎవరూ మిగల్లేదు. ఆ అచ్చు పిడికి ఒక పక్కన, మావయ్య బొటనవేలు ఆనే చోట, నున్నగా గుంట పడింది. రెండో పక్కనా ఒక గుంట ఉంది, అది ఇంకాస్త లోతు. చెక్కలో ఉన్న లోపమో, పురుగు తిన్నదో అనుకునేవాళ్ళం.

పోయిన ఏడాది వానలు తగ్గాక హైదరాబాద్ నుంచి ఒకావిడ వచ్చింది. పాత బట్టల గురించి చదువుకున్న మనిషి. రెండు చెట్టు దుప్పట్లు కావాలంది. బల్ల మీద సగం అద్దిన దుప్పటి చూసి మురిసిపోయింది. కాసేపటికి ఫోనులో ఒక ఫోటో వెతికి మొహమాటపడుతూ చూపించింది. ఎప్పుడో మన బందరు రేవులో ఓడెక్కి వెళ్ళి ఇప్పుడు ఏదో దేశంలో అద్దాల వెనక ఉన్న దుప్పటి అది. అచ్చం మా చెట్టే. కానీ అడుగున ఉన్నది కాలవ కాదు. తిన్నటి అంచు కిందికి వచ్చింది. వంపులు గుండ్రటి తలలై పైకి లేచాయి, పోచలు గడ్డిలా మొలిచి నిలబడ్డాయి, మధ్యలో మొన తేలింది. ఆ మొన మీద చెట్టు ఉంది.

"ఇది కొండండీ. మీరు అచ్చు తలకిందులుగా వేస్తున్నారేమో" అంది ఆవిడ, చాలా నెమ్మదిగా.

మావయ్య ఫోను వంక చాలాసేపు చూశారు. "రాళ్ళ మీద చెట్టు మొలుస్తుందా అమ్మా?" అని అడిగారు. ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆయన చేతిలో అచ్చుని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన ఏ అచ్చూ ముట్టలేదు. పొద్దున్నే షెడ్డులోకి వచ్చి, బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, పేపరు చదువుకుని, టీ తాగి వెళ్ళిపోయేవారు. సగం దుప్పటి సగంగానే ఉంది. వారం చూశాను, పది రోజులు చూశాను, నెల దాటింది. ముందు ఆవిడ మీద కోపం వచ్చింది, చూసి ఊరుకోవచ్చుగా అని. తర్వాత ఆయన మీద వచ్చింది, ఈ వయసులో ఇంత పంతమా అని. ఆఖరికి ఆ కోపం చేరాల్సిన చోటికే చేరింది. ఆయనకి ఎనభై రెండు. ఆయన అచ్చు పట్టకపోతే ఆ చెట్టు ఆయనతోనే పోతుంది. మళ్ళీ నలభై అచ్చులూ అటకెక్కుతాయి, మళ్ళీ ఎవరో దింపి ఊహించుకోవాలి. నేను నేర్చుకుని ఉంటే ఈ భయం ఉండేది కాదు. నాకు అన్నం సయించడం మానేసింది.

ఆవిడని అడిగి ఆ ఫోటో తెప్పించి, పెద్దది చేయించి గోడకి పెడదామనుకున్నాను. మా ఆవిడ వద్దంది. "ఫోటో చూసి ఒప్పుకునే మనిషి కాదండీ నాన్న. కొండ చూపించండి. దేవుడి కొండ కాదు, ఉత్త కొండ."

మా ఆవిడ మాటలో నిజం ఉంది. మావయ్య కొండలెక్కని మనిషేం కాదు. బెజవాడ దుర్గమ్మ దగ్గరికి లెక్కలేనన్నిసార్లు వెళ్ళారు, మంగళగిరి, శ్రీశైలం, తిరుమల అన్నీ చూశారు. కానీ మాకు కొండంటే దేవుడి ఇల్లు. బస్సు దిగి, క్యూలో ముందున్నవాడి వీపు చూస్తూ నడిచి, దర్శనం చేసుకుని, ప్రసాదం పట్టుకుని దిగిపోతాం. మోపిదేవి గుడికి వెళ్ళినా అంతే, తిరుపతి వెళ్ళినా అంతే. రాళ్ళు ఎలా ఉన్నాయని ఎవరు చూశారు? నేనూ చూడలేదు.

కార్తీకమాసంలో ఒక రోజు కారు మాట్లాడుకుని ముగ్గురం కొండవీడు బయల్దేరాం. అక్కడ ఏ దేవుడని అడిగారు మావయ్య. కొండల మీద పాత కోట ఉందనీ, పైన చెరువులున్నాయనీ చెప్పాను. ఎందుకైనా మంచిదని ఆయన సంచీలో ఒక కొబ్బరికాయ పడేసుకున్నారు. కొండ పేరెత్తితే వట్టి చేతులతో వెళ్ళే అలవాటు ఆయనకి లేదు. ఎందుకు తీసుకెళ్తున్నానో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

పామర్రు దాటినా, ఉయ్యూరు దాటినా రెండు పక్కలా కంకి వంగుతున్న వరే. మావయ్య కిటికీ పక్కన కూర్చుని ఏ చేను ఎలా పండిందో చెబుతూనే ఉన్నారు. ఆయనకి సెంటు పొలం లేదు, అయినా మా వైపు మనిషి వరిచేను చూసి నోరు మూసుకోలేడు. బెజవాడ వంతెన దాటాక మాట తగ్గింది. గుంటూరు దాటి చిలకలూరిపేట దారిలో కొంతదూరం వెళ్ళాక కుడిచేతి వైపు కొండల వరస కనిపించింది. మావయ్య ముందుకు వంగి, వచ్చేశాంగా, కారాపు బాబూ, నడిచిపోదాం అన్నారు. మా వైపు దూరాన్ని తాటిచెట్టు సైజుని బట్టి కొలుస్తాం. అంత పెద్దగా కనిపించేది ఏదైనా ఊరి చివరే ఉంటుంది. డ్రైవరు నవ్వాపుకుని పోనిచ్చాడు. అరగంట గడిచినా మేం కొండ మొదటికి చేరలేదు. మావయ్య సీటులో వెనక్కి జారి కూర్చుని, ఎంతుందో ఇది, అని తనలో తను అనుకున్నారు. ఆ గొంతులో ఎన్నాళ్ళకో కుతూహలం వినిపించింది. నాకు కొంచెం ఊపిరాడింది.

ఘాట్ రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడల్లా కింద ఊళ్ళు చిన్నవైపోతున్నాయి. మా ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంది. పైన కారు దిగాం. రోడ్డు పక్కన ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. అవి ఈ రాళ్ళ మధ్యే కాస్తాయని చెప్పింది. మావయ్య ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. గంపలో పెట్టేసి మళ్ళీ తీసుకున్నారు.

నా మనసులో ఉన్న కొండ చిన్నపిల్లలు పలక మీద గీసేది, నున్నటి త్రికోణం. ఇది అలా లేదు. ఒక బండ, దాని భుజం మీద ఇంకో బండ, దాన్ని ఒరుసుకుంటూ మరొకటి, గుండ్రటి తలలతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ శిఖరం దాకా వెళ్ళాయి. సందు దొరికిన చోటల్లా గడ్డిపోచలు. నేను ముప్ఫై ఏళ్ళు ఆ గీతల్లో చిక్కుకున్న రంగుని పుల్లతో తీసి శుభ్రం చేసినవాణ్ణి. చూడగానే గుర్తుపట్టాను. మావయ్య వంక చూడటానికి ధైర్యం చాల్లేదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు.

కోటగోడ పక్కన కొంచెం వాలుగా ఉన్న బండ ఎక్కాల్సి వచ్చింది. మావయ్య ఆగి, చెప్పులు విప్పి చేత పట్టుకున్నారు. నేనూ విప్పేశాను. మాకది పుట్టుకతో వచ్చిన తెలివి. చేలగట్టు మీద కాలు జారేలా ఉంటే చెప్పులు తీసి, వేళ్ళు మట్టిలో దించి నడుస్తాం. రాయి వేలు దిగనిస్తుందా? పైగా పదకొండు గంటల ఎండ. నాలుగడుగులు వేశామో లేదో అరికాళ్ళు చుర్రుమన్నాయి. ఇద్దరం చెప్పులు చేత్తో పట్టుకుని గంతులేసుకుంటూ దగ్గర్లో ఉన్న నీడలోకి పరిగెత్తాం. ఎనభై రెండేళ్ళ మనిషి నాకంటే ముందు చేరారు. మా ఆవిడ చెప్పులేసుకుని నింపాదిగా నడిచొచ్చింది, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. నెలన్నర తర్వాత మావయ్య కూడా నవ్వారు. నేను అరికాళ్ళు ఊదుకుంటూ కూర్చున్నాను.

ఆ నీడ దేనిదో అప్పుడు చూశాం.

పెద్ద బండ నెత్తిన ఒక చెట్టు. జువ్వి జాతిది కాబోలు. దాని మొదట్లో చారెడు మట్టి లేదు. మాను రెండుగా చీలి, గేదె మీద కూర్చున్నవాడి కాళ్ళలా బండకి చెరొక పక్కనా దిగి గట్టిగా పట్టుకుంది. ఆ రెండు కాళ్ళ మధ్య రాతి మొన పైకి పొడుచుకుని కనిపిస్తోంది.

మావయ్య నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి వేరు మీద చెయ్యి వేశారు. మొన ఎంతుందో జానతో కొలిచారు, తర్వాత బెత్తెతో. ఆఖరికి రెండు వేళ్ళు చాచి ఆ పంగలో దూర్చారు. ఆయన ఎన్నో వందలసార్లు కలంతో పూడ్చిన ఖాళీ అదే. పూడ్చాల్సిన ఖాళీ కాదది, కొండ మొన దూరాల్సిన చోటు. నేను చెప్పక్కర్లేకపోయింది. ఆయన నెమ్మదిగా రాయి మీద కూర్చున్నారు.

రాతిని అరచేత్తో తడిమి అన్నారు. "అరవై ఏళ్ళు కొండని కాలవలో ముంచానయ్యా."

ఆయన కళ్ళు తడవలేదు. నావే తడిశాయి. నిజం చూపిస్తే లేచి పనిలోకి వస్తారనుకుని తీసుకొచ్చాను. నిజం చూశాక అసలుకే లేవకపోతే ఏంటన్నది ఆలోచించలేదు. మా ఆవిడ తండ్రి పక్కన కూర్చుని సీతాఫలం ఒలిచి చేతిలో పెట్టింది. ఆయన తిన్నారు. గింజలు గుప్పిట్లోనే ఉంచుకున్నారు.

మధ్యాహ్నం పైన ఉన్న చెరువు ఒడ్డున పులిహోర పొట్లాలు విప్పాం. వానలకి చెరువు నిండి ఉంది, గాలి లేదు. ఎదురుగా ఉన్న శిఖరం నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తోంది. గుండ్రటి తలలు కిందికి, గడ్డిపోచలు కిందికి, అచ్చం మా దుప్పటి అంచులాగే. నాకు ప్రాణం లేచొచ్చింది. మావయ్యా చూశారా, మీరు వేసింది తప్పు కాదు, నీళ్ళలో కొండ ఇలాగే ఉంటుంది, చెరువు గట్టున చెట్టు అనుకుంటే సరిపోతుంది కదా అన్నాను. చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను కూడా.

ఆయన నీళ్ళ వంక చూశారు, నా వంక చూశారు. "నన్ను బుజ్జగించకు. తప్పు తప్పే. మా నాన్న తప్పు నేర్పాడు, నేను తప్పు నేర్చుకున్నాను. నువ్వు అది కూడా నేర్చుకోలేదు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. మా ఆవిడ తల వంచుకుని పొట్లాలు మడతపెట్టింది, నన్ను వెనకేసుకు రాలేదు. రావాల్సిన పనీ లేదు. ఆయన అన్నదాంట్లో తీసేయడానికి ఒక్క ముక్క కూడా లేదు. నాకు సిగ్గేసింది, ఆ మాట అనడానికి ఆయన ముప్ఫై ఏళ్ళు ఆగారే అని ఇంకా సిగ్గేసింది.

ఇంటికొచ్చాక సంచీ సర్దుతూ మా ఆవిడ కొబ్బరికాయ పైకి తీసింది. అన్ని రాళ్ళున్న చోట కొట్టకుండా వెనక్కి తెచ్చారేంటి నాన్నా అని అడిగింది. ఆయన దాన్ని తీసుకుని గూట్లో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న నేను రంగు తొట్టె కలుపుతుంటే షెడ్డు వెనక కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. మా ఆవరణ మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క రాయి, బట్టలు బాదే బండ. ఎప్పుడో ఏ కొండ నుంచో వచ్చింది. మావయ్య తడి చేతులతో లోపలికొచ్చి, సగం అద్దిన దుప్పటిని మడిచి పక్కన పెట్టారు. దాన్ని అమ్మొద్దు, ఇంట్లో ఉండనీ అన్నారు. కొత్త బట్ట బల్ల మీద పరిచారు. అడుగు అంచు నుంచి జాన కొలిచి ఆగారు. కొండ మొన మాను పంగలో దూరితే చెట్టు మొత్తం ఆ గాటంత కిందికి జరగాలి, అరవై ఏళ్ళ కొలతలన్నీ మారాలి. కాసేపు పెదాలు కదిపి లెక్క చూసుకున్నారు. తర్వాత అలల అచ్చు అందుకున్నారు.

చెయ్యి అలవాటు కొద్దీ పాత పద్ధతిలోనే పట్టుకుంది. ఆయన దాన్ని రెండో చేత్తో తిప్పి మళ్ళీ పట్టుకున్నారు. పట్టుకుని అలాగే ఉండిపోయారు. అచ్చు కింద పెట్టారు, పిడి వంక చూశారు, మళ్ళీ పట్టుకున్నారు. బొటనవేలు వెళ్ళి ఆ రెండో గుంటలో పడింది. పురుగు తిన్నదనుకున్న గుంటలో. వేలుకి కొలిచి చేసినట్టు సరిపోయింది.

మాకు ముందు ఎవరో ఉన్నారు. అంత గుంట పడిందంటే ఏళ్ళ తరబడి, బహుశా ఒకరి తర్వాత ఒకరు, కొండని కొండలాగే అద్దారు. వాళ్ళు ఎక్కడ చూశారో, చూసినవాళ్ళు ఎలా చెబితే నమ్మారో తెలియదు. చెప్పడం ఆగిపోయిన ఆ ఒక్క తరంలో కొండ కాలవైపోయింది.

మావయ్య నన్ను దగ్గరికి రమ్మన్నారు. అచ్చు నా చేతిలో పెట్టి, నా బొటనవేలు పట్టుకుని ఆ గుంటలో ఆనించారు.

"చెట్టు దీని మీద నుంచి లేస్తుంది. ముందు ఇది నువ్వు వెయ్యి, తర్వాతది చెబుతా" అన్నారు.

అచ్చుని రంగులో అద్దాను. అచ్చు బట్ట మీద ఆనించి ఆయన వంక చూశాను. ఆయన తలాడించారు. పిడికిలితో గుద్దాను.